ఆ విమానం ఎక్కొచ్చా?

లాస్ వేగస్‌కి టికెట్లు బుక్ చేసిన రాత్రి, అన్నం తింటూ నాన్న అడిగాడు.

"ఏరా, మనం ఎక్కేది ఆ తలుపు ఊడిపోయిన విమానమేనా?"

ఫోన్ తీసి చూశాను. టికెట్ కింద చిన్న అక్షరాల్లో 'బోయింగ్ 737 మ్యాక్స్ 9' అని ఉంది. అబద్ధం చెప్పడానికి అర సెకను టైమ్ దొరికింది గానీ, ఈలోపే నాన్న నా మొహం చూసేశాడు.

2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన ఒక మ్యాక్స్ 9లో, దాదాపు 15,000 అడుగుల ఎత్తులో పక్క గోడలోని ఓ భాగం ఊడి బయటికి ఎగిరిపోయింది. లోపల 177 మంది. అదృష్టం కొద్దీ ఆ రంధ్రం పక్క సీట్లో ఎవరూ లేరు. విమానం వెనక్కి తిరిగి క్షేమంగా దిగింది. మాచర్లలో కూర్చుని టీవీలో ఆ వీడియో చూసిన మా అమ్మా నాన్నలకి అది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

"నాకు గ్రాండ్ కేనియనూ వద్దు, ఏమీ వద్దు. మీరిద్దరూ పోయిరండి" అంది అమ్మ. నాన్న మాత్రం, "ఆ బండి ఎక్కడ కడతారు? ఒకసారి చూద్దాం పద" అన్నాడు.

మా నాన్న ఆర్టీసీలో మెకానిక్. 34 ఏళ్లు మాచర్ల డిపోలో బస్సుల కింద పడుకుని పనిచేశాడు. ఏ బండినైనా కింద నుంచి చూస్తే గానీ నమ్మడు. మేముండే బెల్లెవ్యూ నుంచి ఆ విమానాలు తయారయ్యే రెంటన్ ఊరు కారులో అరగంట కూడా కాదు. అక్కడ నాలుగేళ్లుగా ఉంటూ నేనొక్కసారీ వెళ్లలేదు. అలా సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం బయలుదేరాం.

మొదటి బండి

ముందు సియాటెల్ దక్షిణం వైపున్న మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌కి తీసుకెళ్లాను. బోయింగ్ ఫీల్డ్ అనే విమానాశ్రయం అంచునే ఉంటుంది. రోడ్డు మీది వంతెన దాటి అవతలికి వెళితే పెద్ద కప్పు కింద విమానాలు వరసగా నిలబడి ఉంటాయి. మొట్టమొదటి 747 ఉంది, కాంకార్డ్ ఉంది. అందరూ వాటి దగ్గర సెల్ఫీలు దిగుతున్నారు. మేం వెతుక్కుంటూ వెళ్లింది వాటి మధ్య పొట్టిగా, కాస్త బొద్దుగా ఉన్న ఇంకో విమానం కోసం. అది మొట్టమొదటి 737.

1967 ఏప్రిల్ 9న ఈ బోయింగ్ ఫీల్డ్ నుంచే అది తొలిసారి ఎగిరింది. 737-100 అని దాని పేరు. ఆ రకం కట్టింది 30 మాత్రమే. పొడవు 29 మీటర్ల లోపే. లుఫ్తాన్సా కోసం మొదలుపెట్టిన డిజైన్ అది. ఆ వెంటనే ఇంకో రెండు మీటర్లు సాగదీసి 737-200 చేశారు. ఎయిర్‌లైన్స్ అన్నీ దాన్నే ఎక్కువగా కొన్నాయి.

నాన్న నేరుగా రెక్క కిందికి చూశాడు. "ఇంజన్ ఇంత కిందకి పెట్టారేంట్రా? నేలకి తగిలేట్టుంది."

అసలు కథంతా అక్కడే ఉంది. 1960ల్లో చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో ఎత్తుకెళ్లే మెట్ల బండ్లు, సామాను ఎక్కించే యంత్రాలు పెద్దగా ఉండేవి కాదు. అందుకని విమానాన్నే నేలకి దగ్గరగా కట్టారు. కూలీలు నేల మీద నిలబడే బ్యాగులు లోపలికి అందించొచ్చు. మెట్లు విమానంలోంచే కిందికి దిగుతాయి. మెకానిక్‌కి నిచ్చెన లేకుండానే ఇంజన్ అందుతుంది. అప్పట్లో ఈ సైజు విమానాలకి ఇంజన్లు తోక దగ్గర పెట్టేవారు. జో సటర్ అనే ఇంజనీరు వాటిని రెక్కల కిందికి జరిపాడు. ఆ ఇంజన్లు సన్నగా, పొడుగ్గా చుట్టలా ఉండేవి కాబట్టి అంత తక్కువ ఎత్తులోనూ సరిపోయాయి. తర్వాత 747 కట్టిన టీముకి పెద్ద కూడా ఈయనే.

"మెకానిక్‌కి అందేట్టు పెట్టాడంటే బుద్ధిమంతుడే" అన్నాడు నాన్న. మా నాన్న నోట్లోంచి ఒక డిజైనర్‌కి మెప్పు రావడం నేను వినడం అదే మొదలు.

మ్యూజియంలో ఉన్న ఈ విమానం ఎప్పుడూ ప్రయాణికుల్ని మోయలేదు. 1974 నుంచి 1997 దాకా నాసా దగ్గర ప్రయోగాలకి పనిచేసింది. కేబిన్ మధ్యలో దీనికి రెండో కాక్‌పిట్ ఉండేది. అందులో కూర్చున్న పైలట్‌కి ముందు అద్దం ఉండదు, స్క్రీన్లు చూస్తూ నడపాలి. ఇవాళ ప్రతి కాక్‌పిట్‌లో కనిపించే స్క్రీన్ల మీద పరిశోధన చేసిన విమానాల్లో ఇదొకటి. 1990ల మొదట్లో కావాలనే తుఫాను గాలుల్లోకి దీన్ని తీసుకెళ్లారు. ల్యాండింగ్ టైమ్‌లో విమానాన్ని ఒక్కసారిగా నేలకేసి నొక్కే గాలిని ముందే కనిపెట్టి పైలట్‌కి చెప్పే పరికరాల కోసం ఆ ప్రయోగాలు.

'పైలట్‌కి ముందే చెప్పడం' అన్న మాట అప్పుడు మామూలుగానే అనిపించింది. సాయంత్రానికి అదే అసలు విషయం అయింది.

ఒకే ఛాసిస్, ఎన్నో బాడీలు

రెంటన్ వైపు కారు తిప్పాక వెనక సీట్లోంచి అమ్మ అడిగింది. "మొదటిదీ 737నే, మనదీ 737నే అంటావు. 1967 నాటి విమానమా మనం ఎక్కేది?"

నాకంటే ముందు నాన్న అందుకున్నాడు. "పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ లేవూ? కింద ఛాసిస్ ఇంచుమించు ఒకటే. పైన బాడీ మారుద్ది, ఇంజన్ మారుద్ది."

పోలిక బాగా కుదిరింది. 737కి అలా నాలుగు తరాలున్నాయి. మొదటి తరంలో 100, 200. వాటిలో కంకర రన్‌వేల మీద దిగడానికి ముందు చక్రానికి రాళ్లు అడ్డుకునే పలక బిగించిన రకం కూడా ఉంది. అలాస్కా, కెనడా ఊళ్లకి అవి బాగా పనికొచ్చాయి. 1984లో 300తో రెండో తరం మొదలైంది, దాని వెనకే 400, 500. 1997లో కొత్త రెక్కలతో 600, 700, 800, 900 వచ్చే మూడో తరం. ఇప్పుడున్నది నాలుగోది, మ్యాక్స్. అందులో 7, 8, 9, 10 అని నాలుగు పొడవులు. మ్యాక్స్ 10 పొడవు దాదాపు 44 మీటర్లు, 230 మంది దాకా పడతారు. కేబిన్ వెడల్పు మాత్రం మొదటి రోజు నుంచీ అదే, ఒక వరసకి ఆరు సీట్లు. మన నేవీ వాడే పీ-8ఐ గస్తీ విమానం కూడా ఈ కుటుంబంలోదే. 2018 మార్చిలో 10,000వ 737 ఫ్యాక్టరీ బయటికొచ్చింది.

ఇన్నేళ్లు ఒకే మోడల్‌ని సాగదీయడం సోమరితనం కాదు. పైలట్లకి ఆ కాక్‌పిట్ అలవాటు. మెకానిక్‌లకి ఆ పార్టులు తెలుసు. కొత్త విమానాన్ని మొదటి నుంచి కట్టాలంటే వేల కోట్లు, ఎన్నో ఏళ్లు పడుతుంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఇరవై ఏళ్ల నాటి కోడ్ తీసి అవతల పడేద్దాం అని ప్రతి కొత్త కుర్రాడూ అంటాడు. ఆరు నెలలు పనిచేశాక నోరు మూసుకుంటాడు.

చిక్కల్లా ఇంజన్ దగ్గరే వచ్చింది. ఇంజన్ ఎంత పెద్ద ఫ్యాన్‌తో ఎక్కువ గాలిని నెమ్మదిగా నెడితే ఇంధనం అంత ఆదా అవుతుంది. 1967 ఇంజన్‌లో లోపలికి వెళ్లే గాలి ఎంతో, పక్క నుంచి వెళ్లే గాలీ ఇంచుమించు అంతే. మ్యాక్స్ ఇంజన్‌లో లోపల ఒక వంతైతే పక్క నుంచి తొమ్మిది వంతులు. ఆ ఫ్యాన్ అడ్డం 69 అంగుళాలు, అంటే ఒక మనిషి ఎత్తు. మరి విమానమేమో నేలకి దగ్గరగా కట్టింది. 1984లోనే ఈ ఇబ్బంది వస్తే ఇంజన్ తొడుగుని కింద వైపు నొక్కి చదును చేశారు. మీరెప్పుడైనా 737 ఎక్కితే చూడండి, చాలావాటికి ఇంజన్ మూతి గుండ్రంగా ఉండదు, కింద కాస్త అణిగి ఉంటుంది.

2011కి ఆ ఉపాయమూ చాల్లేదు. అవతల ఎయిర్‌బస్ తన ఏ320కి కొత్త ఇంజన్లు పెట్టి నియో అని దించింది. ఏ320 మొదటి నుంచీ ఎత్తుగా కట్టిన విమానం, దాని కింద చోటుంది. అదే ఏడాది జులైలో ఒక పెద్ద అమెరికన్ ఎయిర్‌లైన్ వందల కొద్దీ ఎయిర్‌బస్‌లు ఆర్డర్ చేసింది. ఆగస్టులో బోయింగ్ మ్యాక్స్ ప్రకటించింది. ముందు చక్రం కాలు 8 అంగుళాలు పొడుగు చేసి, ఇంజన్లని రెక్కకంటే ముందుకీ పైకీ జరిపి బిగించారు.

చెయ్యి కిటికీ బయట పెట్టి

"జరిపితే ఏమైంది?" అన్నాడు నాన్న.

కారు కిటికీ దించి, చెయ్యి బయట పెట్టమన్నాను. అరచెయ్యి నేలకి సమంగా ఉంచితే గాలి నిమురుతూ పోతుంది. ముందు వైపు కాస్త పైకి ఎత్తగానే చెయ్యి మొత్తం పైకి లేస్తుంది. విమానం ముక్కు బాగా పైకి లేచినప్పుడు ఈ పెద్ద ఇంజన్ తొడుగులు కూడా అలాగే గాలిని పట్టి ముక్కుని ఇంకా పైకి నెడతాయి. పాత 737కి ఈ గుణం లేదు. పైలట్ చేతికి ఆ తేడా తెలియకూడదని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. పేరు ఎంక్యాస్. ముక్కు మరీ లేచింది అనుకుంటే అది తోక రెక్కని తనంతట తాను కదిపి ముక్కుని కిందికి దించుతుంది.

ముక్కు లేచిందని దానికెలా తెలుస్తుంది? విమానం ముక్కు పక్కన గాలికి తిరిగే చిన్న రేకు ఉంటుంది. అటొకటి, ఇటొకటి. ఎంక్యాస్ మాత్రం ఒక్కదాని మాటే వినేది.

2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానానికి ఆ రేకు 21 డిగ్రీలు తప్పు చూపించింది. పైలట్లు ముక్కు పైకి లాగడం, సాఫ్ట్‌వేర్ కిందికి దించడం, మళ్లీ లాగడం, మళ్లీ దించడం. 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో మళ్లీ అదే. 157 మంది. వాళ్లలో మన దేశం వాళ్లు కూడా ఉన్నారు.

నాన్న చెయ్యి లోపలికి తీసుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"స్టీరింగ్ దానంతట అదే తిరిగే బండి చేశారు. సరే. డ్రైవర్‌కి చెప్పారా?"

చెప్పలేదు. మొదటి ప్రమాదం జరిగేదాకా పైలట్ల మాన్యువల్‌లో ఎంక్యాస్ గురించి లేదు. పాత 737 నడిపేవాళ్లకి కొత్తగా సిమ్యులేటర్ ట్రైనింగ్ అక్కర్లేదు అన్నది మ్యాక్స్ అమ్మకంలో పెద్ద ఆకర్షణ. ట్యాబ్లెట్ మీద కొద్ది గంటల పాఠంతో సరిపెట్టారు.

"మీటర్ తప్పు చూపించినా మా డ్రైవర్ ఇంజన్ చప్పుడు విని చెప్పేసేవాడు. ఏది మార్చామో చెప్పకపోతే వాడేం వింటాడు?"

నేను రోడ్డు చూస్తూ నడుపుతున్నాను. ఆ వారమే ఆఫీసులో నేను రాసిన ఒక మార్పు రిలీజ్‌కి సిద్ధంగా ఉంది. ఒక చోట నుంచి వచ్చే డేటా తేడాగా ఉంటే, వాడేవాళ్లకి ఏమీ చెప్పకుండా కోడే దాన్ని సరిచేసేస్తుంది. యూజర్‌ని విసిగించకూడదు కదా అని నేనే గొప్పగా రివ్యూలో రాసుకున్నాను. అందులో ఎవరి ప్రాణమూ పోదు. కానీ ఆలోచన అదే కదా. ఒకే చోటి డేటాని నమ్మడం, పైగా చెప్పకపోవడం.

నది ఒడ్డున ఆకుపచ్చ విమానాలు

రెంటన్‌లో సెడార్ నది వచ్చి వాషింగ్టన్ సరస్సులో కలిసే చోట ఒక పార్కు ఉంది. టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. నదికి ఒక పక్క ఫ్యాక్టరీ, ఇంకో పక్క రన్‌వే. కట్టడం పూర్తయిన విమానాన్ని నది మీది వంతెన దాటించి అవతలికి లాక్కెళతారు. 1970 చివరి నుంచీ 737లు ఇక్కడే తయారవుతున్నాయి.

కంచె అవతల నాలుగైదు విమానాలు నిలబడి ఉన్నాయి. రంగు వేయక ముందు రేకుకి రక్షణగా పూసే పూత వల్ల ఒళ్లంతా ఆకుపచ్చ. తోకలు మాత్రం ముందే రంగులేసుకుని, ఏ ఎయిర్‌లైన్‌కి వెళ్లబోతున్నాయో చెబుతున్నాయి. ఈ విమానం గొట్టం ఇక్కడ పుట్టదు. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో కట్టి, 3,000 కిలోమీటర్లకు పైగా రైల్లో తెస్తారు. 2014లో ఆ రైలు మోంటానాలో పట్టాలు తప్పి మూడు గొట్టాలు దొర్లుకుంటూ నది ఒడ్డుకి జారిపోయాయి.

"తోకలు కూడా ఇక్కడివి కావు నాన్నా. కొన్నింటికి నిటారుగా ఉండే రెక్క మన ఆదిభట్ల నుంచి వస్తుంది" అన్నాను. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ నుంచి 2023లో మొదటిది రెంటన్‌కి బయలుదేరింది.

నాన్న కళ్లు పెద్దవయ్యాయి. "సాగర్ రోడ్డులో, ఇబ్రహీంపట్నం దగ్గర ఆదిభట్లా? మన మాచర్ల-హైదరాబాద్ బస్సు ఆ దగ్గర్లోంచే కదరా పోయేది!" అమ్మని పిలిచి మరీ చూపించాడు, అందులో ఏ తోక అక్కడిదో మా ముగ్గురిలో ఎవరికీ తెలియకపోయినా.

నదిలో సాల్మన్ చేపలు ఎదురీదుతున్నాయి. పుట్టిన చోటికి వెతుక్కుంటూ వస్తాయవి. ఒడ్డున విమానాలది ఉల్టా కథ. ఇక్కడి రన్‌వే 5,400 అడుగుల లోపే. మొదటిసారి పైకి లేచిన విమానం మామూలుగా ఇక్కడ దిగదు. టెస్టులు చేసుకుని, పది కిలోమీటర్లు కూడా లేని బోయింగ్ ఫీల్డ్‌లో దిగుతుంది. "పుట్టింటి గడప ఒక్కసారే దాటుద్దన్న మాట" అంది అమ్మ. ఆ రోజు విమానాల గురించి అమ్మ చెప్పిన మొదటి మంచి మాట అది.

నాన్న మాత్రం తలుపు సంగతి వదల్లేదు. మ్యాక్స్ 9లో ఎక్కువ సీట్లు వేసుకునే ఎయిర్‌లైన్‌కి వెనక ఇంకో ఎమర్జెన్సీ తలుపు కావాలి. తక్కువ సీట్లు వేసేవాళ్లకి అక్కర్లేదు. గొట్టం అందరికీ ఒకటే కాబట్టి అక్కర్లేని చోట తలుపుకి బదులు మూత బిగిస్తారు. దాన్ని కదలకుండా పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. ఆ మూత పక్కన రివెట్లు బాగుచెయ్యడానికి ఇదే ఫ్యాక్టరీలో దాన్ని తెరిచారు. మళ్లీ మూసేటప్పుడు ఆ నాలుగు బోల్టులూ పెట్టలేదని దర్యాప్తులో తేలింది.

"ఎవరు విప్పారో రిజిస్టర్‌లో ఉంటుందిగా?"

"లేదు నాన్నా. మూత తీసిన సంగతి రాసిన రికార్డే దొరకలేదు."

34 ఏళ్లలో నాన్న ఎన్ని బ్రేకులు విప్పి బిగించాడో లెక్క లేదు. కానీ ప్రతిదానికీ సంతకం ఉంది. కంచె పట్టుకుని చాలాసేపు ఆ విమానాల వైపే చూశాడు.

"ముసలి బండి అయితే తప్పేం లేదురా. మార్చినందుకూ తప్పు లేదు. మార్చింది నడిపేవాడికి చెప్పకపోవడం, విప్పింది రాయకపోవడం, ఈ రెండే తప్పు."

26వ వరస

ఎక్కాలా వద్దా అన్నది ఇంటికొచ్చాక తేలింది. రెండు ప్రమాదాల తర్వాత అమెరికాలో 20 నెలల పాటు మ్యాక్స్‌ని నేల మీదే కూర్చోబెట్టారు. కొత్త విమానాలు ఆపడానికి చోటు చాలక బోయింగ్ ఫీల్డ్ పక్కన ఉద్యోగుల కార్ పార్కింగ్‌లో కూడా నిలబెట్టారు. ఇప్పుడు ఎంక్యాస్ రెండు రేకుల మాటా వింటుంది. రెండింటికీ 5.5 డిగ్రీలు తేడా వస్తే పని చెయ్యకుండా ఊరుకుంటుంది. మళ్లీ మళ్లీ నొక్కదు. పైలట్లకి సిమ్యులేటర్ ట్రైనింగ్ తప్పనిసరి. తలుపు సంఘటన తర్వాత అలాంటి మూతలున్న మ్యాక్స్ 9లని ఆపి, తనిఖీ చేశాకే వదిలారు.

"యాక్సిడెంట్ అయి వచ్చిన బస్సుని డిపోలో అందరికంటే ఎక్కువ చూస్తాం. కొన్నాళ్లు. ఆ కొన్నాళ్ల తర్వాతే భయం" అన్నాడు నాన్న. టికెట్లు క్యాన్సిల్ చెయ్యమని మాత్రం అనలేదు. అమ్మ అలిగినట్టే అలిగి, ముందు రోజు రాత్రి పులిహోర కలపడం మొదలెట్టింది.

సోమవారం ఆఫీసులో నా మార్పుని రిలీజ్ నుంచి వెనక్కి తీసుకున్నాను. ఇంకో చోటి డేటాతో పోల్చి చూసే చెక్ ఒకటి, తేడా వస్తే యూజర్‌కి కనిపించే రెండు ముక్కల మెసేజ్ ఒకటి రాశాను. వారం ఆలస్యమైంది. ఎందుకని మేనేజర్ అడిగితే, మా నాన్న రివ్యూలో పాస్ కాలేదని చెప్పాను. జోకనుకుంది.

గురువారం విమానం ఎక్కాం. మా సీట్లు ముందు వరసల్లో ఉన్నా, నాన్న బాత్రూమ్‌కని వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. చూస్తే 26వ వరస దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. మామూలు గోడ, మామూలు కిటికీ. పక్కన చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు.

తిరిగొచ్చి బెల్టు పెట్టుకున్నాడు. ఇంజన్లు అందుకున్నాక కళ్లు మూసుకుని తల సీటుకి ఆనించాడు. డిపోలో బస్సు స్టార్ట్ చేయించి అలాగే వినేవాడు, చిన్నప్పుడు చూశాను.

"ఏంటి నాన్నా?"

"ఉండు. విననీ."